రహస్యం స్టాప్

డాక్టర్ వకుళ అడిగింది ఒక తలుపు. దానికి లోపలివైపు గడియ కూడా ఉంటే బాగుంటుందని అర్జీ చివర ఒక వాక్యం చేర్చింది. అంతకు మించి ఆమె ప్రభుత్వాన్ని ఏమీ కోరలేదు. తర్వాత జరిగినదంతా తలుపుకు ప్రభుత్వం దగ్గర పద్దు లేకపోవడం వల్ల జరిగింది.

సోమరాజుపట్నంలోని ప్రాంతీయ అంటువ్యాధుల పరిశోధన సంస్థలో ఆమె ఎపిడెమియాలజిస్టు. మామూలు డాక్టర్లు ఎదురుగా కూర్చున్న మనిషి జబ్బు చూస్తారు. ఆమె ఆ జబ్బు ఊళ్ళోకి ఏ దారిన వచ్చింది, ఎంతమందిని పట్టింది, ఇంకెవరి వైపు వెళ్తోంది అన్నది చూస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు రోజూ మందులు వేసుకుంటూ నిక్షేపంగా బతుకుతున్న కాలం ఇది. అయినా వాళ్ళలో కొందరు ఉన్నట్టుండి నీరసించిపోవడం, కాళ్ళు వాయడం ఆమె గమనించింది. తరచి చూస్తే తప్పు హెచ్.ఐ.వి.ది కాదు. అదే రక్తం దారిన, అదే సూదుల దారిన వచ్చే హెపటైటిస్ వైరస్ కూడా వాళ్ళ ఒంట్లో చేరి, ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా కాలేయాన్ని తినేస్తోంది. ఆరువందల మందికి రక్త పరీక్షలు చేయిస్తే అరవై మందికి పైగా హెపటైటిస్ సి తేలింది. ఇందులో మంచి కబురు ఏమిటంటే, అది నయమయ్యే జబ్బు. మూడు నెలలు మాత్రలు మింగితే దాదాపు అందరికీ పోతుంది. ఆ మాట ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పాలి. అందుకే తలుపు.

ఆమె గదికి ఉన్నదల్లా మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయే తెర. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లోపలి మాటలు వినడమే కాదు, సలహాలు కూడా ఇచ్చేవారు. పైగా పిలుపులు మైకులో. ఒకరోజు అటెండరు గొంతు సవరించుకుని, "హెచ్.ఐ.వి. మందుల కోసం వచ్చిన టైలరు కాశీవిశ్వనాథం గారు రెండో గదికి రావలెను" అని ఎంతో గౌరవంగా పిలిచాడు. ఆ గౌరవం మెయిన్ రోడ్డు దాకా వినిపించింది. వారం తిరక్కుండా కాశీవిశ్వనాథానికి కుట్టడానికిచ్చిన గుడ్డలన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. అతను కుట్టుమిషను లారీకెక్కించుకుని ఊరొదిలి వెళ్ళిపోయాడు.

ఆ సంగతి పత్రికల్లో వచ్చింది. శాసనసభలో ప్రశ్న పడింది. ప్రభుత్వానికి రోషం పొడుచుకొచ్చింది. తలుపుకు పద్దు లేదు గాని అధికారికి ఉంది. కనుక తలుపు బదులు గోప్యతాధికారి వచ్చాడు.

ఆయన పేరు కోదండపాణి. ముప్ఫై ఏళ్ళు ఖజానా శాఖలో తాళాలకు లక్క సీళ్ళు వేయించిన మనిషి. బూడిదరంగు సఫారీ సూటు, మెడ దాకా బొత్తాలు. ఏ ప్రశ్న అడిగినా ముందు గది నాలుగువైపులా చూసి ఆ తర్వాత జవాబు చెప్పేవాడు. ఇంట్లో భార్య కూర ఏం వండమంటారని అడిగినా అలాగే చూస్తాడని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

మొదటిరోజు సమావేశంలో ఆయన లేచి నిలబడ్డాడు.

"సోదర సోదరీమణులారా, ఇంతవరకు ఈ సంస్థయందు రోగము దాగలేదు, రోగియు దాగలేదు. నేటినుండి రెండునూ దాగును."

డైరెక్టరు సదానందం చప్పట్లు కొట్టాడు. ఆయన రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. పైనుంచి వచ్చిన ప్రతిదానికీ చప్పట్లు కొడితే ఆ ఏడాదిన్నర గడిచిపోతుందని ఆయన అంచనా.

కోదండపాణి ప్రభుత్వ ఉత్తర్వు తీసి చదివాడు. "పరీక్షా ఫలితములను ఎట్టి పరిస్థితులయందును ఏ వ్యక్తికిని వెల్లడించరాదు." చదివి, ఆ కాగితాన్ని కవరులో పెట్టి సీలు వేయించాడు.

మొదట పేర్లు తీసేశారు. రోగులకు నంబర్లు ఇచ్చారు. వకుళ సంతోషించింది. తర్వాత వారం, రోగులకు తమ నంబర్లు జ్ఞాపకం ఉంటున్నాయనీ దానివల్ల ఎవరు ఎవరో తెలిసిపోయే ప్రమాదం ఉందనీ కోదండపాణి కనిపెట్టాడు. అప్పటినుంచి ప్రతి సోమవారం నంబర్లు మార్చేవారు. కొత్త నంబరు ఎంతో రోగికి చెప్పేవారు కాదు. ఆ తర్వాత వకుళ గదిలో, ఆమెకూ రోగికీ మధ్య నేల దాకా నల్లతెర కట్టారు. డాక్టరు రోగి ముఖం చూడటం గుర్తింపు కిందికి వస్తుందట. గొంతు కూడా గుర్తింపే కనుక రోగి తన బాధ నేరుగా చెప్పకుండా, తెర దగ్గర నిలబడ్డ అటెండరు చెవిలో చెప్పాలి. మైకులో పిలిచిన అటెండరే ఇతను. మైకు తీసేశాక చేతికి పని లేక ఉన్నాడు.

"పేషెంటుకు కడుపులో కుడివైపు బరువుగా ఉందంట మేడమ్," అన్నాడు ఒకనాడు.

"ఎన్నాళ్ళుగా?"

"ఎన్నాళ్ళుగా అని డాక్టరు గారు అడుగుతున్నారు."

"ఇన్నాలేవయ్యా. నాకు చెవుల్లేవా ఏంది," అంది తెర అవతలి ఆడగొంతు.

"పేషెంటుకు చెవులున్నాయంట మేడమ్."

వకుళ కలం కింద పెట్టింది. "మస్తానమ్మా, నువ్వేనా?"

"పేషెంటు ఎవరో చెప్పకూడదు మేడమ్," అన్నాడు అటెండరు.

"నేనేనమ్మా," అంది తెర. "మీ మొకం జూసి నెలయింది. బాగుండారా?"

మస్తానమ్మ బస్టాండు పక్క సందులో ఇడ్లీ బండి నడుపుతుంది. భర్త లారీ డ్రైవరు, పోయి పదేళ్ళయింది. పోతూ పోతూ ఆమెకు హెచ్.ఐ.వి. ఇచ్చి పోయాడు. ఆ సంగతి ఆమె దాచలేదు. కొత్తగా జబ్బు బయటపడి ఏడుస్తూ వచ్చేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, "నన్ను జూడు. పదేళ్ళనుంచి మందులు మింగతా ఇడ్లీలేస్తన్నా. నువ్వేడవాల్సిన పనేముంది," అనేది. ఆమె మాట మందంత పని చేసేది. అలాంటి మనిషి ఈమధ్య బండి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటోంది. ఎందుకో వకుళకు తెలుసు. ఆ అరవై మందిలో మస్తానమ్మ ఉంది. కాలేయం గట్టిపడటం మొదలయింది గాని ఇంకా చేయిదాటలేదు.

ఆ మధ్యాహ్నమే వకుళ గోప్యతాధికారి గదికి వెళ్ళింది. సదానందం కూడా అక్కడే ఉన్నాడు.

"ఫలితాలు రోగులకు చెప్పాలి సార్. మాత్రలు వచ్చేశాయి. ఆలస్యమైతే కొందరికి కాలేయం పాడైపోతుంది."

కోదండపాణి గది నాలుగువైపులా చూశాడు. "రోగి వ్యక్తియా, కాదా?"

"వ్యక్తే."

"ఏ వ్యక్తికిని వెల్లడించరాదని ఉత్తర్వు."

"వాళ్ళ ఉద్దేశం వేరే వాళ్ళకి చెప్పకూడదని సార్."

"ఉత్తర్వులలో ఉద్దేశములు ఉండవు, అక్షరములు ఉండును. 'వేరే' అను మాట అందులో ఎక్కడ ఉన్నదో చూపండి."

"పోనీ," అన్నాడు సదానందం రాజీ ధోరణిలో, "రోగిని వ్యక్తి కింద లెక్కెయ్యకపోతే?"

"మానవ హక్కుల వారు ఊరుకోరు," అన్నాడు కోదండపాణి. "రోగి సంపూర్ణమైన వ్యక్తి. కావుననే ఆతనికి చెప్పరాదు."

వకుళ పట్టు వదల్లేదు. రోగే స్వయంగా ఒప్పుకుంటే చెప్పవచ్చు గదా అంది. అది న్యాయంగానే తోచి, కోదండపాణి ఒక కమిటీ వేశాడు. కమిటీ టీ తాగి, మిక్చరు తిని, సాయంత్రం దాకా చర్చించి తీర్మానించింది: "దేనిని వెల్లడించుటకు ఒప్పుకొనుచున్నాడో రోగికి తెలియనిచో ఆ ఒప్పుదల చెల్లదు. కావున ఫలితము తెలిసిన పిదప మాత్రమే రోగి ఒప్పుదల ఇవ్వవలెను. ఒప్పుదల ఇచ్చిన పిదప మాత్రమే ఫలితము తెలుపవలెను." ఏకగ్రీవం. వకుళ చెయ్యి ఎత్తలేదు గాని చివరి మిక్చరు పొట్లం కోసం ఆమె చెయ్యి చాపడాన్ని ఆమోదంగా రాసుకున్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆమె లేస్తుంటే కోదండపాణికి మరో ఆలోచన వచ్చింది.

"డాక్టరు గారూ, మీరును వ్యక్తియే కదా. మీకు ఫలితములన్నియు తెలియును."

"పరీక్ష చేయించింది నేనే గదండీ."

"అది గతము. ఇకమీదట మరచిపోవలెను." ఒక కాగితం ముందుకు జరిపాడు. నాకు తెలిసిన ఫలితములను నేను ఇకమీదట జ్ఞాపకముంచుకొనను అని దాని మీద ఉంది. వకుళ సంతకం చేసింది. చెయ్యకపోతే పరిశోధన ఆపేస్తామన్నారు. బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి, అరవై మూడు పేర్లూ వరసగా మనసులో చదువుకుంది. ఒక్కటీ పోలేదు.

ఈలోగా గోప్యతకు నిధులు వచ్చాయి. సంస్థ ప్రాంగణంలో మూలకు, ఎవరి కంటా పడకుండా ఉండేలా కొత్త భవనం కట్టాలని ఉత్తర్వు. మూలకు కడితే ఎవరికీ కనపడదు కనుక రోగులకు దారి తెలియాలని మెయిన్ రోడ్డు మీద లారీ అంత బోర్డు పెట్టారు: "అతి రహస్య రక్త ఫలితముల విభాగము. హెచ్.ఐ.వి., కాలేయ వైరస్ వారు ఇటు వెళ్ళవలెను." చీకట్లో కూడా కనపడాలని చుట్టూ ఎర్రబల్బులు. బస్టాండు నుంచి అడుగడుగునా బాణం గుర్తులు. లోపలికి వెళ్ళేవాళ్ళకు, ఇతర రోగులతో కలిసిపోకుండా, గులాబిరంగు టోపీ.

ఊరు ఈ సౌకర్యానికి చప్పున అలవాటు పడింది. బస్టాండులో ఆటోవాళ్ళు, "రహస్యం, రహస్యం, ఒక్కరికే సీటు, రహస్యం" అని కేకలు వేసేవాళ్ళు. ఆర్టీసీ కండక్టర్లు బోర్డు రాగానే ఈల వేసి, "రహస్యం స్టాపు, దిగండి" అనేవాళ్ళు. ఏదో సేవాసంఘం వాళ్ళు అక్కడ షెల్టరు కట్టించి దాత పేరు చెక్కించారు. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో సోమరాజుపట్నంలో అందరికీ తెలిసింది. ఎందుకు వెళ్తున్నారో వెళ్ళినవాళ్ళకు మాత్రమే తెలియలేదు. లోపలికి వెళ్ళిన మనిషిని చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఒక ఉద్యోగి వచ్చి, "మీ ఫలితం వచ్చింది. చాలా భద్రంగా ఉంది. వెళ్ళిరండి," అని చెప్పి నమస్కారం పెట్టేవాడు.

మాత్రల విషయం ఇంకా పద్ధతిగా జరిగింది. గోడ నిండా చిన్న చిన్న అరలు చేయించి, ఒక్కో అర మీద ఒక్కో నంబరు వేసి, మాత్రల డబ్బాలు వాటిలో పెట్టారు. ఎవరి అర ఏదో ఎవరికీ తెలియదు. మందులు పంపిణీకి సర్వం సిద్ధమనీ రోగులు వచ్చి తీసుకోవడమే తరువాయి అనీ కోదండపాణి నివేదిక పంపాడు. నెలయ్యాక ఎవరూ రాలేదని, ఇది రోగుల నిర్లక్ష్యమని మరో నివేదిక పంపాడు. రోగుల నిర్లక్ష్యం పోగొట్టడానికి ఊరేగింపు జరపమని పైనుంచి ఆదేశం వచ్చింది. స్కూలు పిల్లలు, బ్యాండుమేళం, ముందు బ్యానరు: "మీ మందులు మీరు తీసుకోండి." అది చూసి వందలమంది వచ్చి వరసలో నిలబడ్డారు.

"మావి ఉన్నయ్యా సార్?"

"చెప్పుటకు వీలు లేదు."

"అసలు మాకు జబ్బుందా?"

"అదియును చెప్పుటకు వీలు లేదు."

"మరి ఊరేగింపెందుకు జేసినట్టు?"

"అవగాహన కొరకు," అన్నాడు కోదండపాణి.

వరసలో మస్తానమ్మ కూడా ఉంది. గులాబి టోపీ చేత్తో పట్టుకుని వకుళ గది ముందుకొచ్చి నిలబడింది. ఆ పూట తెర ఉతకడానికి వేశారు గనుక ఇద్దరూ మొహాలు చూసుకోగలిగారు.

"డాట్రమ్మా, నా రగతం తీసుకుపోయి ఆర్నెల్లయింది. అందులో ఏముందో సెప్పరా?"

"చెప్పకూడదని ఉత్తర్వు," అంది వకుళ.

"ఎవురికి సెప్తారు మరి?"

"ఎవరికీ చెప్పం మస్తానమ్మా."

"ఎవురికీ సెప్పకుండా ఉండేదానికి ఇంత మేడెందుకమ్మా? మా వోడు బతికున్నప్పుడు వోడూ ఇట్టనే ఏం సెప్పేవోడు గాదు. దానికి గవుర్మెంటు ఉజ్జోగం ఎందుకు?" నవ్వబోయి, ఆయాసం వచ్చి గోడ పట్టుకుంది. "నాకు తెలుస్తానే ఉందిలే. ఆ పాత మందులే పంజెయ్యటం మానినయ్. మింగినా ఒకటే, మింగకపోయినా ఒకటే."

"ఆ మందులు మాత్రం ఆపొద్దు."

"మరెందుకు నీరసమో సెప్పు."

వకుళ ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించి వచ్చింది.

అంతలో సంస్థకు రాష్ట్ర గోప్యతా పతకం వచ్చింది. ఏడాదిలో ఒక్క ఫలితం కూడా బయటికి పొక్కని ఏకైక సంస్థ. పతకం ఇవ్వడానికి స్వయంగా ఆరోగ్యశాఖ కమిషనరు గారే వచ్చారు. పరీక్షలంటే జనానికి భయం పోవాలని, కెమెరాల ముందు చొక్కా చెయ్యి మడిచి ఆయన హెపటైటిస్ పరీక్షకు రక్తం ఇచ్చారు. పెద్దాయన ఇచ్చాక ఇవ్వకపోతే బాగుండదని సదానందం, కోదండపాణి, మిగతా సిబ్బంది కూడా ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగు రోజుల తర్వాత కమిషనరు ఆఫీసునుంచి ఫోను.

"సార్ ఫలితం అడుగుతున్నారు."

"చాలా భద్రంగా ఉన్నది," అన్నాడు కోదండపాణి.

"ఫలితం ఏమిటి అని అడుగుతున్నారు."

"ఏ వ్యక్తికిని వెల్లడించరాదని ఉత్తర్వు. దానిపై వారి సంతకమే ఉన్నది."

మర్నాడు కమిషనరే ఫోన్ చేశారు. రాత్రి నిద్రపట్టలేదనీ, పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్ళు పచ్చగా కనిపించాయనీ, అద్దం మార్చినా పచ్చగానే ఉన్నాయనీ చెప్పారు. కోదండపాణి చెమటలు తుడుచుకున్నాడే గాని ఫలితం చెప్పలేదు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేరు. ఆ సాయంత్రానికల్లా ఉత్తర్వుకు సవరణ వచ్చింది: "కమిషనరు మరియు ఆ పై హోదా గల అధికారులు ఈ ఉత్తర్వు నిమిత్తము వ్యక్తులుగా పరిగణింపబడరు."

వకుళ ఫోన్ చేసి ఆయనకు ఏ జబ్బూ లేదని చెప్పింది. కమిషనరు గారి కళ్ళు అప్పటికప్పుడే తెల్లబడ్డాయని వినికిడి.

సవరణ చూసి వకుళకు ఆశ పుట్టింది. ఒకరికి మినహాయింపు ఇచ్చినవాళ్ళు అరవై మూడు మందికి ఇవ్వరా అని పెద్ద అర్జీ రాసింది. జవాబు వెంటనే వచ్చింది. సదరు రోగులు కమిషనరు హోదాకు పదోన్నతి పొందిన పిదప తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చునని.

ఆ జవాబు చదువుతున్నప్పుడే అటెండరు వచ్చి, మస్తానమ్మ రెండు వారాలుగా హెచ్.ఐ.వి. మందులకు రావడం లేదని చెప్పాడు. ఇడ్లీ బండి కూడా పెట్టడం లేదట. వకుళ కాగితం మడిచి బల్ల సొరుగులో వేసింది. అరల గది తాళంచెవి ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. ఏ అరలో చూసినా ఉన్నవి అవే మాత్రలు గనుక నంబర్ల గొడవ లేదు. మూడు నెలలకు సరిపడా డబ్బాలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఎండలోనే మస్తానమ్మ ఇంటికి నడిచింది. ఉద్యోగం పోతే పిల్లల ఫీజులు ఎలా అని దారంతా ఆలోచించింది. ఆలోచిస్తూనే తలుపు తట్టింది.

మస్తానమ్మ చాప మీద పడుకుని ఉంది. వకుళ పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది. జబ్బు పేరు చెప్పింది. పాత మందులు బాగానే పనిచేస్తున్నాయని, తప్పు కాలేయంలో చేరిన ఈ రెండో వైరస్‌దని చెప్పింది. ముందు ఆపిన మందులు మళ్ళీ మొదలుపెట్టాలని, అవి వంటబట్టాక ఈ మాత్రలు వేసుకోవాలని, మూడు నెలలకు పోతుందని చెప్పింది.

మస్తానమ్మ చాప మీద లేచి కూర్చుంది.

"పోద్దా?"

"పోతుంది."

"ఇంత చిన్న మాటా," అంది. "ఇది సెప్పేదానికా ఆ ఎర్రబల్బులు?" అని అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఒకరికి చెప్పాక మిగిలినవాళ్ళకు చెప్పకుండా ఉండటం వకుళ వల్ల కాలేదు. ఆదివారాలు, సెలవులు, భోజనం వేళలు అన్నీ దానికే వెచ్చించింది. ఒకాయనకు అతని కిళ్ళీకొట్టు వెనక చెప్పింది. ఒకావిడకు రైతుబజారులో వంకాయలు ఏరుతూ చెప్పింది. పక్కనున్నవాళ్ళు వంకాయల గురించే అనుకున్నారు. గోడమీది అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. రోగుల నిర్లక్ష్యం తగ్గుతోందని కోదండపాణి పైకి రాశాడు.

ఒకరోజు టీ వేళ ఆయన వకుళ గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. గది నాలుగువైపులా చూశాడు. తెర ఎత్తి వెనక కూడా చూశాడు.

"ఒక వ్యక్తి విషయమై చిన్న సందేహము," అన్నాడు. "ఆ వ్యక్తి కుర్రతనంలో స్కూటరు మీద నుంచి పడ్డాడు. రక్తం ఎక్కించారు. ఆనాటి రక్తానికి పరీక్షలు లేవు. ఈమధ్య ఆ వ్యక్తికి మెట్లెక్కితే అలసట. ఆకలి లేదు. మొన్న పెద్దలతోబాటు రక్తం ఇచ్చియున్నాడు." ఆగాడు. "హోదా కమిషనరుకు చాలా దిగువ."

వకుళకు ఆయన ఫలితం తెలుసు. కొన్ని వారాలుగా ఆయన ఎప్పుడు ఒంటరిగా దొరుకుతాడా అని చూస్తోంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, అందరికీ చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. హెపటైటిస్ సి ఉంది, భయపడాల్సిన దశలో లేదు, మూడు నెలలు మాత్రలు.

కోదండపాణి పై బొత్తాం విప్పుకున్నాడు. గ్రాంథికం ఎటు పోయిందో పోయింది.

"ఇంట్లో మా ఆవిడకి ఏమని చెప్పనమ్మా?"

"ఆవిడకీ పరీక్ష చేయిస్తే మంచిది. ఏమని చెప్పాలో, ఇంకెవరికన్నా చెప్పాలో వద్దో మీ ఇష్టం సార్. అది మీ సొంత సంగతి."

"నాకు ఇలా ఎవరూ చెప్పలేదు," అన్నాడు. అన్నది జబ్బు గురించో, సొంత సంగతి అన్న మాట గురించో ఆమె అడగలేదు. సొరుగులోంచి డబ్బాలు తీసి ఇచ్చింది. ఆయన వాటిని కోటు లోపలి జేబులో పెట్టుకుని బొత్తాలన్నీ మళ్ళీ పెట్టుకున్నాడు.

అరలన్నీ ఖాళీ అయిన నెలలోనే ఆకాశరామన్న ఫిర్యాదు పడింది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఎలా ఖర్చయ్యాయి, ఎవరో రోగులకు ఫలితాలు చెప్పి ఉంటారు, అనుమానం డాక్టర్ వకుళ మీద అని. సదానందానికి రిటైర్మెంటు మూడు నెలల్లోకి వచ్చింది. హడలిపోయి విచారణాధికారిగా కోదండపాణిని నియమించాడు.

విచారణ సదానందం గదిలోనే జరిగింది. కోదండపాణి బల్లకు ఆవల, వకుళ ఈవల. ఈమధ్య ఆయన మెట్లు కొంచెం చురుగ్గా ఎక్కుతున్నాడని ఆమె గమనించింది.

"తాము ఏ వ్యక్తికైనను ఫలితము వెల్లడించితిరా?"

వకుళ ఇంట్లో రాజీనామా రాసి సంచిలో పెట్టుకుని వచ్చింది. నిజం చెప్పేద్దామనే అనుకుంది. "ఏ వ్యక్తికో చెబితే జవాబిస్తాను సార్," అంది.

"వ్యక్తి పేరు అడుగుట గోప్యతా ఉల్లంఘనము. అడుగజాలను."

"పోనీ ఆమె చెప్పిందేమో కనుక్కోండి," అన్నాడు సదానందం. "రోగులను పిలిపించి..."

"రోగులెవరో మనకు తెలియరాదు. తెలిసినచో మనమే ఉల్లంఘించిన వారమగుదుము." కోదండపాణి డైరెక్టరు వైపు తిరిగాడు. "తమకు ఎవరైనా రోగి తెలియునా?"

"నాకా? నాకెవరూ తెలియదు," అన్నాడు సదానందం కంగారుగా.

"నాకును తెలియదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి ఎందుకో కోటు జేబు మీదికి పోయి వెనక్కి వచ్చింది. "సాక్షి లేడు, ఉండరాదు. ఫలితము జ్ఞాపకముంచుకొననని డాక్టరు గారి సంతకము ఉన్నది. జ్ఞాపకము లేని విషయమును ఎవరును వెల్లడింపజాలరు. కావున వెల్లడి జరుగలేదని నిర్ణయించడమైనది."

సదానందం చప్పట్లు కొట్టాడు. వకుళ కిందికి దిగివచ్చి రాజీనామా చించి చెత్తబుట్టలో వేసింది.

మాత్రలు పూర్తయిన మూడు నెలలకు మళ్ళీ పరీక్షలు చేస్తే, అరవై మూడు మందిలో ఇద్దరికి తప్ప అందరికీ వైరస్ పోయింది. ఆ ఇద్దరికీ వేరే మందులు మొదలుపెట్టింది వకుళ. మస్తానమ్మ బండి మళ్ళీ సందులోకి వచ్చింది. తనకు వచ్చిన రెండు వైరస్‌ల కథ, పోయిన ఒకదాని కథ ఆమె ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్ళందరికీ చట్నీ వేస్తూ వేస్తూ చెబుతుంది. విన్నవాళ్ళలో కొందరు మర్నాడు వచ్చి రక్తం ఇచ్చి వెళ్తున్నారు.

పైనుంచి చూస్తే లెక్క అద్భుతంగా ఉంది. మందుల పంపిణీ నూటికి నూరు శాతం, జబ్బు నయమైనవాళ్ళు దాదాపు అందరూ, వెల్లడి సున్నా. సంస్థకు రెండోసారి పతకం ఇచ్చారు. రాష్ట్రమంతటా సోమరాజుపట్నం పద్ధతి అమలు చెయ్యాలని నిశ్చయించి, మిగతా జిల్లాల గోప్యతాధికారులను బస్సులో ఎక్కించి పంపారు. వాళ్ళు రహస్యం స్టాపులో దిగి, గులాబి టోపీలు పెట్టుకుని, నల్లతెర, ఎర్రబల్బులు, ఖాళీ అరలు అన్నీ ఫోటోలు తీసుకున్నారు. చివరికి అందరూ కోదండపాణి చుట్టూ చేరారు.

"అంతా బాగుంది సార్. మాకు అర్థం కానిది ఒక్కటే," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "రోగికి జబ్బుందని చెప్పకుండా మందు మింగించడం ఎలా సాధ్యమైంది?"

కోదండపాణి గది నాలుగువైపులా చూశాడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న వకుళను కూడా చూశాడు. గొంతు బాగా తగ్గించాడు. అధికారులందరూ పుస్తకాలు తెరిచి, కలాలు పట్టుకుని ముందుకు వంగారు.

"అది చెప్పుటకు వీలు లేదు," అన్నాడు.

వాళ్ళందరూ అది రాసుకున్నారు.